బేతాళుని తుది యుపదేశము

శింశపావృక్షము, దాని కొమ్మకు వ్రేలాడు శవము, శవమును భుజమున నిడుకొని శ్మశానమున నడచు రాజు, దారిలో కథ, కథాంతమున ప్రశ్న, ప్రశ్నకు సమాధానము, వెంటనే శవము మరల చెట్టెక్కుట: బేతాళకథల యీ చట్రము తెలుగుదేశమున బాలురకును దెలిసినదే. పట్టువదలని విక్రమార్కుడను నానుడి వీనినుండియే వాడుకకు వచ్చినది. 1947లో వెలువడ నారంభించి పలుదశాబ్దములు నడచిన చందమామ పత్రిక యీ చట్రమున గ్రొత్తకథ లెన్నింటినో కూర్చి ప్రతిమాసమును శవమును జెట్టెక్కించుచునే వచ్చినది. అందుచేత రాజు చెట్టువద్దకు బోవుట యెఱిగినవా రెందఱో యుందురు గాని, యాతడు కడపట నెచటికి జేరెనో, చేరుటకు ముందు బేతాళు డాతనికి జెప్పి పంపిన మాట యేదో యెఱిగినవారు కొందఱే. ఎఱిగినవారును వంచకునకు ప్రతివంచన యని యొక్క మాటతో దానిని దాటిపోవుదురు. ఆ మాట యర్థమును జెప్పదు; అర్థమును వెదకు శ్రమను దప్పించును.

ఈ కథలకు ప్రసిద్ధమైన సంస్కృతపాఠము సోమదేవభట్టుని కథాసరిత్సాగరమున నున్నది. కాశ్మీరరాజైన అనంతుని దేవి సూర్యవతి చిత్తవినోదమునకై క్రీ.శ. 1063కును 1081కిని నడుమ నాతడు దానిని రచించెను. అందు పండ్రెండవదగు శశాంకవతీలంబకమున 75వ తరంగము మొదలు 99వ తరంగము వఱకు నీ కథలు గలవు. క్షేమేంద్రుడును నా శతాబ్దముననే బృహత్కథామంజరిలో వీనిని సంగ్రహించెను. శివదాసుని పాఠమును, జంభలదత్తుని పాఠమును వేఱుగా గలవు. బుధస్వామి శ్లోకసంగ్రహమున లభించిన భాగమున నివి కానరాకుండుటచే గుణాఢ్యుని మూలమున లేక, కాశ్మీరమున వ్యాప్తిలోనున్న బృహత్కథలో దరువాత జేరినవని పెక్కురు విమర్శకుల తలంపు. సోమదేవుని పాఠమున రాజు విక్రమార్కుడు గాడు, త్రివిక్రమసేనుడు. పురము గోదావరీతీరమునందలి ప్రతిష్ఠానము, అనగా నేటి మహారాష్ట్రమునందలి పైఠణము. ఈ విచారమునకు సోమదేవుని పాఠమే యాధారము. ఇక శబ్దస్వరూపము గూర్చి యొక మాట. సంస్కృతమున వేతాల శబ్దము, తెలుగున బేతాళుడు. భకారముతో భేతాళుడని వ్రాయుట వాడుకలో బాతుకొనిపోయినది గాని యా మహాప్రాణమునకు మూలమున నాధారము లేదు.

కథ సంగ్రహముగ నిది. క్షాంతిశీలుడను భిక్షువు పదియేండ్లు ప్రతిదినమును రాజసభకు వచ్చి యొక ఫలమును సమర్పించి పోవుచుండెను. రాజు దానిని కోశాధికారి చేతికిచ్చుచుండెను. ఒకనాడు పెంపుడుకోతి యొకటి యా ఫలమును గొఱికి చీల్పగా నందుండి యమూల్యరత్నము జాఱిపడెను. కోశాగారమున వెదకగా వెనుకటి ఫలములెల్ల గుళ్లి నశించియు రత్నములు రాశిగా నుండెను. కారణమడుగగా దన మంత్రసాధనమునకు వీరుని సాహాయ్యము వలయునని భిక్షువు తెలిపెను. రాజు సమ్మతించి కృష్ణచతుర్దశి రాత్రి ఖడ్గపాణియై యొంటరిగ శ్మశానమునకు బోయి వటవృక్షము క్రింద నాతని గలిసికొనెను. దక్షిణముగ జాలదూరమున శింశపావృక్షమున్నదనియు, దానికి వ్రేలాడు పురుషశవమును దెచ్చి తనకు సాయపడుమనియు భిక్షువు కోరెను. రాజు తడవుసేయక బయలుదేఱెను.

సాహసకార్యమునకు శిష్యుని బంపు గురువు దారిని జెప్పును, దారిలోని భయమును జెప్పును, భయమునకు బ్రతిక్రియను జెప్పును. క్షాంతిశీలుడు దారిని మాత్రము చెప్పెను. శవమున బేతాళు డావేశించియున్నాడని చెప్పలేదు. శవము తిరిగి తిరిగి చెట్టు చేరునని చెప్పలేదు. తెచ్చిన పిదప నేమి జరుగునో యసలే చెప్పలేదు. రాజును సగము దెలిసినవానిగ నిలుపుటయే యాతని యుపాయము. క్షాంతిశీలుడనగా నోర్పే స్వభావముగా గలవాడు. పదియేండ్లు పండ్లు మోసినవాని కా పేరు తగినదే యనవచ్చును గాని, బోనుకడ గూర్చున్న వేటకానికిని నోర్పుండును.

రాజు చెట్టెక్కి త్రాడుకోసి శవమును భుజమున నిడుకొని నడవసాగెను. బేతాళుడు దారి తఱుగుటకని కథ చెప్పెను, కథాంతమున బ్రశ్న వేసెను. ఎఱిగియు జెప్పకున్నచో దల వ్రక్కలగునని నియమము. చెప్పినచో మౌనభంగమై శవము చెట్టునకు మరలును. ఇరువదిమూడుమార్లు రాజు సమాధానము చెప్పెను, ఇరువదిమూడుమార్లును శవము మరలెను. ఇరువదినాల్గవ కథలో దండ్రియు గొడుకును నడవిలో నిద్దఱు స్త్రీల యడుగుజాడలను జూచి, పెద్దపాదములు గలది తండ్రికిని, చిన్నపాదములు గలది కొడుకునకును భార్యయగునట్లు సమయము చేసికొందురు. తీర జూడగా బెద్దపాదములది కూతురు, చిన్నపాదములది తల్లి. ఆడినమాట తప్పరానిదగుటచే దండ్రి కూతును, గొడుకు తల్లిని బెండ్లాడుదురు. వారికి బుట్టిన బిడ్డలు తమలో దమకేమి వరుస యగుదురని ప్రశ్న. రాజునకు దోపలేదు. మాటాడక నడచెను.

అప్పుడు బేతాళుడు సంతసించి చెప్పిన మాటల సారమిది. ఇంతసేపు రాకపోకల శ్రమపడియు గలగని నీ ధైర్యమునకు మెచ్చితిని. నేనీ శవమును విడిచిపోవుచున్నాను, దీనిని గొనిపొమ్ము. ఆ భిక్షువు దీనియందు నన్నావాహనము చేసి పూజించి, పిదప నిన్నే బలియీయ దలచి, సాష్టాంగముగ నమస్కరింపుమని నీతో ననును. నీవు 'ముందు నీవు చూపుము, పిమ్మట నట్లే చేసెద' నని చెప్పుము. చూపుటకై యాతడు నేలపై బడినతోడనే ఖడ్గముతో దల ద్రుంపుము. ఆతడు కోరు విద్యాధరచక్రవర్తిత్వము నీదగును. లేనిచో నాతడు నిన్ను బలియిచ్చి దానిని బొందును. ఇందుకొఱకే యింతకాలము నీకు విఘ్నము కల్పించితిని.

ఈ కడపటి వాక్యమును జదువరులు తఱచుగా జాఱవిడుతురు. దానిని బట్టి వెనుకటి కథయెల్ల వేఱుగ జదువవలసియున్నది. శవము చెట్టెక్కిన ప్రతిసారియు రాజు తనకార్యము చెడినదనుకొనెను. వినువారును నట్లే యనుకొందురు. వాస్తవమున సమాధానము చెప్పిన ప్రతిసారియు రాజు మరణమునుండి యొక్క రాకపోకంత దూరము జరిగెను. శవము వటవృక్షము క్రిందికి జేరుటయే యాతనికి మృత్యువు. రాజునకు దెలిసినంతవఱకు బేతాళుని యాలస్యమే యాతని గాపాడెను. తెలియని ప్రశ్న యెదురైనప్పు డా రక్ష తీఱిపోయెను. ఉపదేశ మేల మొదటనే చెప్పలేదని యడుగువారికి సమాధాన మిందే యున్నది: కథలచే నాపుట సాధ్యమైనంతసేపు ఆపుటయే చాలును, ఆపుట యసాధ్యమైన క్షణమున మాట యావశ్యకమయ్యెను.

పంతొమ్మిదవ శతాబ్దారంభమున గలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాల యాశ్రయమున వెలువడిన హిందీ బైతాల్ పచ్చీసీలో నీ యేర్పాటు మాఱినది. అందు నగరరక్షకుడగు నొక దేవుడు కథారంభముననే రాజును హెచ్చరించును: రాజగృహమున, తైలికుని యింట, కుమ్మరి యింట మువ్వురు పుట్టిరనియు, కుమ్మరి యోగియై తైలికుని జంపి చెట్టునకు వ్రేలాడగట్టెననియు, రాజును జంప నెదురుచూచుచున్నాడనియు. తుదకు బేతాళు డుపాయము చెప్పును. కాగా హెచ్చరిక మొదటను, ఉపాయము చివరను జేరినవి. రాజు తెలిసియే బోనునకు నడచును. కథ కిందు జురుకుదన మెక్కువయైనదని యొప్పుకొనవచ్చును. కాని ఆ పాఠమున రాజు మొదటినుండియు జాగరూకుడు గనుక రాత్రియెల్ల నాతడు నేర్చుకొనవలసిన దేమియు మిగులదు. అంతియగాక రాజు యోగితో జెప్పవలసిన మాటకు నచట గారణమొకటి చేర్చిరి: నేను రాజులకు రాజును, ఎల్లరును నాకు మ్రొక్కుదురు, నేనెవ్వరికిని మ్రొక్కి యెఱుగను, గురుడవు నీవు నేర్పుమని. చమత్కారము బాగున్నది. ఐనను దైవమునకును గురువునకును మ్రొక్కి యెఱుగని రాజెవ్వడు? సోమదేవుని రాజు కారణమేమియు జెప్పడు. ఎఱుగను, చూపుము, పిమ్మట జేసెదననును, అంతే. ఆ పొడిమాటయే మేలు.

ఇక విచారింపవలసినవి మూడు: రాజు బేతాళుని మాటను నమ్ముట యేల? ఎఱుగననుట సత్యమా, బొంకా? మ్రొక్కుచున్నవాని జంపుట తగునా?

మొదటిది చిక్కైన ప్రశ్న. ఒకవైపు పదియేండ్లు రత్నములిచ్చిన భిక్షువు. మఱియొకవైపు రాత్రియెల్ల నేడిపించిన శవభూతము. వేషమును బట్టి విశ్వసింపవలసినచో భిక్షువే విశ్వాసపాత్రుడు. నైయాయికులు మాత్రము ప్రమాణమగు శబ్దమునకు వేషమును లక్షణముగ జెప్పలేదు. విషయమును దాను స్వయముగ నెఱిగి, యెఱిగినదానిని నెఱిగినట్లు తెలుపగోరువాడే యాప్తుడని వాత్స్యాయనుడు న్యాయభాష్యమున వివరించి, యా లక్షణము ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని సమానమనెను. ఆ జాబితాలో బేతాళుని జేర్చుటకు శాస్త్రవిరోధమేమియు లేదు. ఆప్తత్వమును జెఱచునది ముఖ్యముగ స్వార్థము. భిక్షువున కీ కార్యమున స్వార్థమున్నది. బేతాళుని కున్నదా? ఆ రాత్రి పూజ యాతనికే, బలియు నాతనికే. భిక్షువు రాజును బలియిచ్చినను, రాజు భిక్షువును బలియిచ్చినను పుచ్చుకొనువాడు బేతాళుడే. తుదకు జరిగినదియు నదియే: రాజు భిక్షువు శిరస్సును, హృదయకమలమును బేతాళునికే యర్పించెను. ఎవ్వడు చచ్చినను దన భాగము తనకు వచ్చునట్టివాడు, చచ్చుట కుద్దేశింపబడినవానికి నిజము చెప్పినచో, దాని నబద్ధమనుటకు హేతువు దొరకదు. అదిగాక యాతడు భిక్షువు నోటినుండి రాబోవు మాటను ముందే చెప్పెను. ఆ మాట యట్లే వచ్చినప్పుడు రాజునకు సంశయము తీఱెను. అంతకుముందే యెముకలపొడితో వ్రాసిన మండలమును, రక్తపూర్ణకుంభములను, మనుష్యవసతో వెలుగు దీపములను రాజు కన్నులార జూచియున్నాడు.

ఇచ్చట నొక పాత సంగతిని స్మరింపవలెను. బేతాళుడు చెప్పిన మొట్టమొదటి కథ వజ్రముకుటుడను రాజపుత్రునిది, పద్మావతియను కన్యది. అందు మంత్రిపుత్రుడు తపస్వివేషము ధరించి శ్మశానమున గూర్చుండి, పద్మావతి డాకినియని కర్ణోత్పలుడను రాజు నమ్మునట్లు చేయును. రాజామెను పురమునుండి వెడలగొట్టించును. ఆమె తలిదండ్రులు దుఃఖమున మరణింతురు. పాప మెవ్వరిదని బేతాళుని ప్రశ్న. మంత్రిపుత్రుడు స్వామికార్యపరుడు, ప్రేమికు లిద్దఱును మన్మథపరవశులు. చారులచే విచారింపక కపటమును గనిపెట్టలేకపోయిన కర్ణోత్పలునిదే పాపమని త్రివిక్రమసేనుని తీర్పు. తీర్పు చక్కనిదే. కాని యిచ్చుచున్నదెవ్వడు? తపస్వివేషధారిని నమ్మి, చారుల నొక్కరినైన బంపక, యొంటరిగ శ్మశానమున శవమును మోయుచున్న రాజు. కర్ణోత్పలుని దోషము తనయందే యున్నదని యాతనికి దోపలేదు. కథను విని తీర్పు చెప్పుట వేఱు, తీర్పును దనకు జెప్పుకొనుట వేఱు. బేతాళు డుపదేశమును మొదటి కథలోనే చెప్పెననియు, రాజు దానిని బరులగూర్చిన మాటగా వినెననియు నిందు దేలుచున్నది. ఆలంకారికులు వేదము ప్రభువువలె శాసించుననియు, పురాణేతిహాసములు మిత్రునివలె దెలుపుననియు, కావ్యము కాంతవలె మనసునకెక్కించుననియు విభజింతురు. బేతాళుడు రాత్రియెల్ల మిత్రుని తీరున జెప్పి, ఫలింపకపోగా గడపట బ్రభువు తీరున శాసించెననుకొన్నచో, తుది యుపదేశము క్రొత్తది గాక మొదటి కథకే విప్పిచెప్పిన యర్థమగును.

రెండవ ప్రశ్నకు వచ్చినచో, ఎఱుగననుట బొంకని కొందఱి యాక్షేపము. సాష్టాంగము తెలియని రాజుండునా యని వారందురు. మంత్రసాధనమున నమస్కారము లోకసామాన్యమగు నమస్కారము గాదు. మండలమున నెచ్చట, నేదిక్కుగా, నెప్పుడు పడవలెనో యది యా కర్మమున కంగము. దీక్షలేని రాజు దాని నెఱుగడు. ఉపదేష్ట చూపిననే తెలియును. కావున మాట సత్యమే. అంతకంటె ముఖ్యమైన దొకటి యున్నది. ఆ రాత్రియెల్ల రాజు తెలిసిన వాడుగానే మాటాడెను. తెలిసియు జెప్పకున్న దల పగులునను నియమ మాతనిని జ్ఞానమునకే కట్టిపెట్టెను. ఇరువదినాల్గవ ప్రశ్నకడ మొదటిసారి యాతనికి దెలియలేదు. ఏదో యొకటి కల్పించి చెప్పక యూరకుండెను. ఆ యూరకుండుటచే బేతాళుని గెలిచెను. వెంటనే వచ్చిన యుపదేశమున నాతడు నేర్చినది, ఆ మౌనమునే మాటగా జెప్పుట. శింశపావృక్షమునుండి తెలియక నోరుమూసికొని వచ్చినవాడు వటవృక్షము క్రింద దెలియదని నోరు తెఱచి చెప్పెను. మొదటిది శవమును దెచ్చినది, రెండవది ప్రాణమును దక్కించినది.

రాజున కీ మాట యెంత కష్టమో తెలియవలెనన్న నదే గ్రంథము మొదటి లంబకమును జూడవలెను. ప్రతిష్ఠానదేశపు రాజగు సాతవాహనుడు జలక్రీడలో దేవి యాడిన సంస్కృతవాక్యమున సంధి విడదీయలేక, నీటితో గొట్టవలదన్న మాటను మోదకములతో గొట్టుమన్నదిగ నెంచి, కుడుములు దెప్పించెను. దేవి నవ్వెను. రాజు సిగ్గుపడి, యెవ్వరితోను బలుకక శయ్యపై బడియుండెను. శర్వవర్మ యాఱునెలలలో వ్యాకరణము నేర్పెదననుటయు, గుణాఢ్యుడు పందెమున నోడి సంస్కృతప్రాకృతదేశభాషల మూటిని వదలి పైశాచిని బట్టుటయు నా సిగ్గునుండి పుట్టినవే. శర్వవర్మ కాతంత్రముచే రాజునకు వ్యాకరణము వచ్చినదని కథ; ఆఱునెలలలో వచ్చు వ్యాకరణ మెంతటిదో వైయాకరణులు తమలో దాము తేల్చుకొందురు గాక. ప్రకృతమున గావలసినది, సాతవాహనుని కెఱుగననుమాట నోట రాకపోవుటయు, త్రివిక్రమసేనునికి వచ్చుటయు. ఒకే గ్రంథమున రెండుకథలు రెండుమూలల నుండి యొకే యంశమును జూపుచున్నవి.

ఉపదేశవాక్యమున 'చూపుము' అను క్రియ మఱింత విచారింపదగినది. చూచు ధాతువునకు బ్రేరణార్థకము చూపు. సంస్కృతమున దర్శయ యనునదియు నట్టిదే. స్వతంత్రుడు కర్తయనియు, వానిని బ్రేరేపించువాడు హేతువనియు గర్తయనియు రెండుసంజ్ఞలు పొందుననియు బాణిని సూత్రించెను. ఆ రాత్రి మొదటినుండియు బ్రేరేపకుడు భిక్షువు, ప్రేరితుడు రాజు: రప్పించినవాడు, పంపినవాడు, తెప్పించినవాడు నాతడే. రాజు నడచుట, మోయుట, తిరుగుట యన్నియు నన్యప్రేరణచేతనే. చూపుమని యా రాత్రి మొదటిసారి రాజు భిక్షువును బ్రేరేపించెను. ఆ యొక్కక్రియచే గర్తృత్వము చేతులు మాఱెను. ఇట్లు చేయుటకు రాజునకు వలసినది బలము గాదు, శిష్యుని స్థానము మాత్రమే. ఆచరించి చూపువాడు ఆచార్యుడని యాచార్యశబ్దమునకు నిరుక్తకారులు చెప్పెడి యర్థములలో నొకటి యాచారమును గ్రహింపజేయువాడని. ఆచార్యుడనని వచ్చినవానిని నీ వాచరించి చూపుమని యడుగు నధికారము శిష్యునకు సహజముగ నున్నది. అడుగుటలో నవినయము లేదు. కపటాచార్యుడు మాత్రము దీనికి గాదనజాలడు, ఔననజాలడు. కాదన్నచో గపటము బయటపడును. ఔనని నేలపై బడినచో దాను రాజునకు సిద్ధపఱచిన చోటనే తాను బడును.

మూడవ ప్రశ్న ధర్మవిషయకము. ప్రణతుని జంపరాదని రాజధర్మము. ఆతతాయియై వచ్చినవాడు గురువైనను, వృద్ధుడైనను, బ్రాహ్మణుడైనను విచారింపక చంపవచ్చునని మనువు చెప్పెను గాని, యాతతాయి శరణన్న పిమ్మట నేమి చేయవలెనను ప్రశ్న మిగులును. భిక్షువు శరణన్నాడా? వ్యాకరణమున ననుకరణమని యొక విషయము గలదు. అగ్నిని దెమ్మన్నచో లోకమున నిప్పు తెత్తురు. అగ్నికి ఢక్ప్రత్యయము చేయుమని సూత్రమున్నప్పుడు నిప్పునకు గాక యగ్నియను శబ్దమునకే ప్రత్యయము చేయుదురు. శాస్త్రమున శబ్దము తన రూపమునే బోధించును, అర్థమును గాదు. అట్లే చూపుటకై చేసిన నమస్కారము నమస్కారరూపమునే బోధించును. నమస్కారార్థమగు నమ్రత యందు లేదు. భిక్షువు రాజునకు మ్రొక్కలేదు, మ్రొక్కు నుదాహరించెను. ఉదాహరణమున శరణాగతి వెదకరాదు. ఈ సమాధానము వైయాకరణునికి దృప్తి నిచ్చునంతగా ధర్మజ్ఞునికి దృప్తినీయదని యొప్పుకొనవలసినదే. వెనుకనుండి ఖడ్గమెత్తుట కథలో నందముగ లేదు. సోమదేవుడు దాని నందముగ జేయుటకును బ్రయత్నింపలేదు. శిరస్సు ద్రుంచెననియు, హృదయకమలమును దీసెననియు నున్నదున్నట్లు చెప్పి, భూతగణములు సాధువాదము చేసెనని ముగించెను. రాజు చంపకున్నచో దాను చచ్చును. మూడవదారి కథలో లేదు. లేని దారిని విమర్శకుడు కల్పింపరాదు.

పాఠశాలలలో నీ కథను బోధించువారు శఠునియెడ శాఠ్యమను నీతిని దీనికి దగిలింతురు. అట్లైనచో నిరువదినాలుగు కథలును వ్యర్థములగును. శాఠ్యము నేర్పుటకు శాఠ్యమును జెప్పినచాలును, రాత్రియెల్ల మోయింప నక్కఱలేదు. ఉపదేశమును వెనుకటి రాత్రినుండి విడదీసి యొంటరిగ దీసికొన్నప్పుడే యది శాఠ్యముగ గనబడును. రాత్రితో గలిపి చదివినచో, తెలిసినచోట మాటాడుట, తెలియనిచోట నూరకుండుట, తెలియదని చెప్పవలసినచోట జెప్పుట యను మూటిలో జివరిదిగ నిలుచును.

భిక్షువు చచ్చిన పిమ్మట బేతాళుడు సంతుష్టుడై, భిక్షువు గోరిన విద్యాధరచక్రవర్తిత్వము భూమినేలిన పిదప నీదగును, నిన్ను శ్రమపెట్టితిని గనుక వేఱొక వరము గోరుమనెను. నీవు ప్రసన్నుడవైనచో నిక గోరదగిన దేమున్నదని చెప్పియు, త్రివిక్రమసేనుడు కోరిన దొక్కటి: ఈ యిరువదినాలుగు కథలును, వీని ముగింపుగ నున్న యిరువదియైదవ కథయు లోకమున బ్రసిద్ధములై పూజింపబడవలెనని. ఇరువదియైదవది తన కథయే. పంచవింశతియను సంఖ్య యిట్లు పూర్తియగును. బేతాళుడు సమ్మతించి, వీనిలో నొక్క శ్లోకమైనను జెప్పినవారును విన్నవారును బాపముక్తులగుదురనియు, నివి చెప్పబడుచోట యక్షులకును, కూష్మాండులకును, డాకినులకును, రాక్షసులకును శక్తి చెల్లదనియు వరమిచ్చెను. ఆ చెల్లనివారి పేళ్లలో బేతాళులను గూడ నాతడే చేర్చెను.